గళ్ళ జాకెట్టు, గీతల పెన్ను

గళ్ళ జాకెట్టు గుడ్డ తీసుకెళ్తే మా వీధిలో కుట్టే ఆవిడ ముందుగా అడిగే మాట, "గళ్ళు కలపాలా అమ్మా, అక్కర్లేదా?" అని. కలపాలంటే సాదా జాకెట్టుకి సరిపోయే ఎనభై సెంటీమీటర్లు చాలవు. ఇంకో పావు మీటరు కావాలి. కుట్టుకూలీ కూడా కాస్త ఎక్కువే. ఆ ఎక్కువ గుడ్డంతా ఏమైందని జాకెట్టు తిరగేసి చూస్తే ఎక్కడా కనిపించదు, ముక్కల కింద పోయి ఉంటుంది. కానీ పక్క కుట్టు దగ్గర ముందు భాగం గడీ, వెనక భాగం గడీ ఒకే గీతలా సాగిపోతాయి. అది చూసి "బాగా కుట్టింది" అంటాం. ఎందుకు బాగుందో అడిగితే మాత్రం చప్పున చెప్పలేం.

చేత్తో చేసే పెన్నుల్లోనూ సరిగ్గా ఇదే లెక్క ఉంది. మూత మీది గీతలు, పెన్ను బాడీ మీది గీతలు ఒకదానితో ఒకటి కలవాలంటే అక్కడా కొంత సరుకు పారేయాలి, కొంత పని ఎక్కువ చేయాలి. ఆ రెండూ చూసేవాళ్ళ కంటికి ఆనవు. మా ఇంట్లో ఒక పాత పెన్ను విషయంలో మాటా మాటా వచ్చింది కాబట్టి ఈ సంగతి తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ గొడవ కాసేపాగి చెబుతాను. ముందు పెన్ను కథ.

మనం చిన్నప్పుడు చూసిన లావుపాటి సిరా పెన్నులు చాలావరకు ఎబొనైట్‌తో చేసినవి. పేరు విని ఏదో ఖనిజం అనుకుంటారు గానీ అది రబ్బరే. చెట్టు పాల నుంచి వచ్చిన రబ్బరులో కొద్దిగా గంధకం వేసి వేడి చేస్తే సాగే గుణం నిలిచే రబ్బరు వస్తుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టి 1844లో పేటెంటు తీసుకున్నాడు. అదే గంధకం బాగా పెంచి, గంటల తరబడి వేడిలో ఉంచితే రబ్బరు కాస్తా కొమ్ములా గట్టిపడిపోతుంది. దానికి 1851లో అతని తమ్ముడు నెల్సన్ గుడ్‌ఇయర్ పేరు మీద పేటెంటు వచ్చింది. నల్లగా, నున్నగా ఎబొనీ కలపలా ఉందని దానికి ఎబొనైట్ అని పేరు. ఆ ఎబొనీ చెట్టు ఎక్కడో పరాయిది కాదు, మన బీడీ ఆకు చెట్టు, అదే తునికి చెట్టు, ఆ కుటుంబంలోదే.

ఎబొనైట్‌ని సిరా తినదు. చేతికి గాజులా చల్లగా తగలదు, పట్టుకోగానే వెచ్చగా ఉంటుంది. లేత్ మిషను మీద పెడితే చక్కగా తెగుతుంది. న్యూయార్క్‌లో లూయిస్ వాటర్‌మ్యాన్ 1884లో తన ఫౌంటెన్ పెన్నుకి పేటెంటు తీసుకున్న నాటి నుంచి ఓ నలభై ఏళ్ళు పెన్నులంటే ప్రధానంగా ఎబొనైట్ పెన్నులే.

అంతా నలుపైతే గీతలు కలిపే బాధే లేదు. నల్ల గుడ్డ జాకెట్టు కుట్టినట్టే. మరి గీతలెక్కడివి? ఎర్ర రబ్బరు, నల్ల రబ్బరు కలిపి పలకలుగా ఒత్తి, ఆ తరవాత ఉడికించి గట్టిపరిస్తే చెక్కలో చేవ గీతల్లాంటి నమూనా వస్తుంది. ఎరుపు కోసం ఆ రోజుల్లో ఇంగువలా దంచిన ఇంగిలీకం కలిపేవారు. ఇలా రంగులు కలగలిసిన ఎబొనైట్ పెన్నులు చాలాకాలంగా ఉన్నా, 1920లలో వాటర్‌మ్యాన్ కంపెనీ అలల్లాంటి గీతలతో అమ్మిన పెన్నులు బాగా పేరు తెచ్చుకున్నాయి. ఇప్పటికీ పెన్నులు సేకరించేవాళ్ళు వాటి కోసం వెతుకుతారు.

గీతలు వచ్చినంత మాత్రాన వాటిని కలపడం అనే సమస్య వచ్చేయలేదు. తొలినాటి పెన్నుల మూతలకి మరలు లేవు. కుంకుమ భరిణె మూతలా నొక్కి పెట్టడమే. అలాంటి మూతని ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. గీతకి గీత ఎదురుగా వచ్చేదాకా వేలితో తిప్పి వదిలేస్తే సరి. అయితే నొక్కుడు మూత జేబులో వదులైపోయేది, సిరా కారేది. అందుకని మరమూతలు వచ్చాయి. మరమూత బిగిసిన చోటే ఆగుతుంది. మీ ఇష్టం వచ్చిన చోట ఆగదు. సిరా కారడం తగ్గింది గానీ, గీతలు కలిపే పని వాడేవాళ్ళ చేతిలోంచి చేసేవాళ్ళ చేతిలోకి పోయింది.

ఇది ఇంటి పనుల్లోనూ చూస్తుంటాం కదా. ఒకరికి సుఖం పెరిగిందంటే ఆ పని మాయమైందని కాదు, ఇంకెవరో మన కంటికి కనపడని చోట కూర్చుని చేస్తున్నారని.

ఇక మన దగ్గరికి వద్దాం. మద్దిలపాలెంలో ఉండేవాళ్ళకి పెన్నులంటే యూనివర్సిటీ పిల్లలు, జిరాక్సు షాపులు గుర్తొస్తాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకి వచ్చింది. 1933 అక్టోబరులో మన హార్బరులోకి మొదటి ఓడ 'జలదుర్గ' వచ్చింది. అది సింధియా కంపెనీది, అంటే మనవాళ్ళు పెట్టుకున్న స్వదేశీ ఓడల కంపెనీది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1932లో, గోదావరి ఒడ్డున రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు పెన్నులు చేయడం మొదలుపెట్టారు. ఆయన బంగారం పని తెలిసిన మనిషి. స్వదేశీ వస్తువులు వాడాలన్న గాంధీ పిలుపు ఆయన్ని ఈ దారిలోకి తెచ్చింది.

ఆయన చేసిన పెన్ను జె.సి. కుమారప్ప గారి ద్వారా గాంధీకి చేరింది. కుమారప్ప అప్పుడు అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పని చూస్తున్నారు. గాంధీ దానితో రాసి చూసి, 1935 జులై 16న వార్ధా నుంచి రత్నం గారికి ఉత్తరం రాశారు. పెన్ను అందింది, వాడి చూశాను, బజార్లో కనపడే విదేశీ పెన్నులకి బదులుగా బాగానే పనికొస్తుందనిపిస్తోంది, ఇంతే అందులో సారాంశం. పొగడ్తలేమీ లేవు. వాడి చూసి చెప్పిన మాట కాబట్టే ఆ ఉత్తరానికి అంత విలువ వచ్చిందని నాకనిపిస్తుంది. వంట ఎలా ఉందంటే "అద్భుతం" అన్నవాళ్ళ కన్నా "ఇంకో గరిటె వెయ్యి" అన్నవాళ్ళ మాటే మనం నమ్ముతాం.

అక్కడినించి రాజమండ్రి పెన్నుల ఊరైంది. రత్నం గారి కుటుంబమే కాక గైడర్ లాంటి పేర్లతో మరికొందరు అక్కడ పెన్నులు చేశారు. హైదరాబాద్ ఆబిడ్స్‌లో డెక్కన్ పెన్ స్టోర్స్, మద్రాసులో జెమ్ అండ్ కంపెనీ పెన్నులకి పేరు పడ్డ చోట్లు. ఉద్యోగం వచ్చినవాళ్ళకి, రిటైరయ్యేవాళ్ళకి, కొత్త అల్లుడికి పేరు చెక్కించి పెన్ను ఇవ్వడం గోదావరి జిల్లాల్లో ఒక మర్యాద. వాటిలో చాలావాటికి లోపల రబ్బరు గొట్టం గాని, మిషను గాని ఉండదు. బాడీ మొత్తం సిరాబుడ్డే. మర విప్పి డ్రాపరుతో సిరా పోసుకోవడమే.

ఇప్పుడు అసలు సంగతి. ఒక కడ్డీ నుంచి గీతలు కలిసిన పెన్ను ఎలా వస్తుంది? మా మరిదికి ఆటోనగర్‌లో లేత్ షెడ్డు ఉంది. పెన్నులు చేయడు గానీ మరలు కోయడం అతని రోజువారీ పని. ఓ ఆదివారం భోజనాలయ్యాక నా వంటింటి బల్ల మీదే ములక్కాడ పెట్టి వివరించాడు. "వదినా, ఇది కడ్డీ అనుకో" అని మొదలుపెట్టి కత్తితో గాటు పెట్టాడు.

కడ్డీలో బాడీకి పనికొచ్చే ముక్క, దాని పక్కనే మూతకి పనికొచ్చే ముక్క. ఈ రెండూ పక్కపక్కవే కావాలి, వేరే చోటి నుంచి తెస్తే గీతలు కలవవు. కోయకముందే కడ్డీ పొడుగునా ఒక గీటు పెట్టుకోవాలి, ఏ వైపు ఏ వైపుకి ఎదురో తెలియడానికి. కోసేటప్పుడు రంపం ఒకటి రెండు మిల్లీమీటర్లు పొడి చేసేస్తుంది. అది పోతుంది. మూత వచ్చి బిగియడానికి బాడీ చివర మర కోయాలి కదా, ఆ భాగం సన్నబడి మూత లోపలికి వెళ్ళిపోతుంది. అదో ఏడెనిమిది మిల్లీమీటర్లు. అదీ కంటికి కనపడదు. అంటే మూత పెట్టాక బయటికి కనపడే బాడీ అంచుకీ, మూత అంచుకీ నడుమ కడ్డీలో దాదాపు సెంటీమీటరు నమూనా గల్లంతైపోయింది. పుస్తకంలో ఒక పేజీ చింపేసి ముందు పేజీని తరవాతి పేజీతో కలిపి చదవమన్నట్టు.

నిలువు గీతలైతే ఆ సెంటీమీటరు పోయినా పరవాలేదు. చారల చీర ఎక్కడ కోసినా చార అక్కడే ఉంటుంది. ఏటవాలు గీతలూ అలలూ అయితే మాత్రం ఆ సెంటీమీటరులో గీత పక్కకి జరిగిపోయి ఉంటుంది. మూతని కొంచెం తిప్పితే గానీ కలవదు. అడ్డంగా ఉంగరాల్లా ఉండే గీతలకి తిప్పే బాధ లేదు. 1933లో వచ్చిన పార్కర్ వాక్యుమాటిక్ పెన్ను అలాంటిదే, గాజులు పేర్చినట్టు అడ్డ చారలుంటాయి. దాన్ని ఎటు తిప్పినా ఒకటే, చారకీ చారకీ మధ్య దూరం చూసుకుంటే చాలు. కాబట్టి ఏ నమూనాకి ఎంత కష్టం అన్నది దాని అందాన్ని బట్టి కాదు, గీత ఎటు నడుస్తోందన్న దాన్ని బట్టి.

"మరి మూత బిగిసిన చోటే ఆగుతుంది కదా, దాన్ని ఎలా తిప్పుతారు?" అని అడిగాను.

"తిప్పరు వదినా, అంచు అరగదీస్తారు" అన్నాడు.

మర చుట్టుకీ చుట్టుకీ మధ్య ఒక మిల్లీమీటరు ఉందనుకోండి. మూతని ఒక పూర్తి చుట్టు తిప్పితే ఒక మిల్లీమీటరు కిందికి దిగుతుంది. మూత అంచు మిల్లీమీటరులో పదో వంతు అరగదీస్తే, మూత ఇంకా ఆ పదో వంతు దిగాక గానీ ఆగదు. అంటే చుట్టులో పదో వంతు ఎక్కువ తిరుగుతుంది. అలా కొంచెం అరగదీయడం, బిగించి చూడడం, మళ్ళీ అరగదీయడం. గీత ఎదురుగా రాగానే ఆపేయాలి. దాటిపోతే ఇంకో చుట్టు దాకా అరగదీయాలి, అంత సరుకు ఉండదు. దోసెల పిండిలో నీళ్ళు పోసినట్టే, పోయడం సులువు, తీయడం కుదరదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఒకే మర ఉంటే మూత తీయడానికి మూడు నాలుగు చుట్లు తిప్పాలి. రోజుకి వందసార్లు సంతకాలు పెట్టేవాళ్ళకి విసుగు. అందుకని పెన్నులకి తరచుగా మూడు దారుల మర కోస్తారు. మూడు పాయల జడలాగా మూడు మరలు ఒకదాని పక్కన ఒకటి చుట్టుకుంటూ పోతాయి. అప్పుడు మూత దాదాపు ఒక్క చుట్టులో వచ్చేస్తుంది. కానీ మూతకి మూడు ప్రవేశాలు ఉంటాయి. మూడింటిలో ఒక్కటి పట్టుకున్నప్పుడే గీతలు కలుస్తాయి, మిగతా రెండింటిలో కలవవు. ఒంటి మర అయితే నిదానం, కానీ ఎప్పుడు పెట్టినా గీత కలుస్తుంది. ఏది కావాలో ఎంచుకోవాలి. రెండూ కావాలంటే కుదరదు.

ఇంకొకటి కూడా చెప్పాడు మరిది. మూత, బాడీ మీద కూర్చుంటుంది కాబట్టి సాధారణంగా మూతే కొంచెం లావు. అంటే బాడీని ఎక్కువ చెక్కుతారు, మూతని తక్కువ చెక్కుతారు. ఎబొనైట్‌లో గీతలు పైపూత కాదు, లోపలిదాకా ఉంటాయి. ఉల్లిపాయ పొర తీసేకొద్దీ గీత మారినట్టు, చెక్కేకొద్దీ నమూనా మారుతుంది. పక్కపక్క ముక్కలే అయినా రెండూ వేరే వేరే లోతుల్లో ఉన్న గీతల్ని చూపిస్తాయి. కాబట్టి చేతి పెన్నులో గీత నూటికి నూరు పాళ్ళు కలవదు. కలిసినట్టు కనపడేలా చేయడమే పనితనం.

నాకు వెంటనే పోచంపల్లి చీరలు గుర్తొచ్చాయి. చీరాల తేలియా రుమాళ్ళూ అంతే. నేయకముందే నూలుకి ముడులు కట్టి రంగులద్దుతారు. ఎక్కడ ముడి ఉందో అక్కడ రంగు ఎక్కదు. మగ్గం మీద పోగు పోగునీ ఇటో వెంట్రుక వాసి, అటో వెంట్రుక వాసి జరిపి డిజైను కలుపుతారు. ఎంత జరిపినా అంచులు కాస్త అలుక్కున్నట్టే ఉంటాయి. అచ్చు వేసిన నకిలీ చీరలో అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, వెనక వైపు వెలిసినట్టుంటుంది. అసలుదాన్ని ఆ అలుకుడు చూసే గుర్తుపడతాం. పోచంపల్లి ఇకత్‌కి 2004-05లో భౌగోళిక గుర్తింపు ఇచ్చినప్పుడు కాపాడాలనుకున్నది ఈ చేతి గురుతునే కదా.

ఇంతవరకూ గీత కలవడం గురించి చెప్పాను. ఇక మా ఇంట్లో గొడవ, గీత కలవకపోవడం గురించి.

మా నాన్నగారు పిఠాపురం దగ్గర పల్లెటూళ్ళో బడిపంతులు. 1976లో ఉద్యోగంలో చేరిన కొత్తలో రాజమండ్రి వెళ్ళి ఎబొనైట్ పెన్ను కొనుక్కున్నారు. బాడీ మీద పొడి అక్షరాలు చెక్కించుకున్నారు. బ్రిల్ ఇంకు పోసి పాతికేళ్ళ పైన అదే పెన్నుతో రాశారు. హాజరు పట్టీలు, ప్రశ్నపత్రాలు, ఊళ్ళో వాళ్ళ అర్జీలు, మా పెళ్ళిళ్ళ లగ్నపత్రికలు, అన్నీ దానితోనే. ఆయన పోయి మూడేళ్ళయింది. అమ్మ ఇప్పుడు మద్దిలపాలెంలో నా దగ్గరే ఉంటుంది. పెన్ను అమ్మ ట్రంకు పెట్టెలో ఉంది.

ఆ పెన్ను మూత, బాడీ ఒకదానికొకటి పొంతన లేవు. బాడీ ఇప్పుడు ముదురు కాఫీ రంగులో ఉంది, మీద సన్నటి ఎర్ర గీతలు. మూత నల్లగా ఉంది, దాని మీద వెడల్పాటి ఎర్ర అలలు. ఎటు తిప్పినా కలవవు. మా తమ్ముడు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు దాన్ని చూసి, "అక్కా, నాన్న పెన్ను ఇలా ఉంటే ఎలా, బాగుచేయిద్దాం" అన్నాడు. పెన్నులు చేసే ఒకాయన్ని వాడు అప్పటికే కనుక్కున్నాడు. పాత మూత తీసేసి, బాడీ గీతలకి దగ్గరగా ఉండే కడ్డీ వెతికి కొత్త మూత చేస్తారు. బాడీని సన్నటి కాగితంతో రుద్ది మెరుగు పెడితే కాఫీ రంగు పోయి లోపలి నలుపు వస్తుంది. కొత్త పెన్నులా ఉంటుంది. వాడి ఉద్దేశం మంచిదే. వాడికి నాన్నగారి మీద ప్రేమ అలా చూపించాలని ఉంది.

ఆ కాఫీ రంగు ఎక్కడిదో మీకు చెప్పాలి. నల్ల ఎబొనైట్ ఎండకీ తడికీ ఏళ్ళ తరబడి నానితే పైన ఉన్న గంధకం మార్పు చెంది రంగు గోధుమగా తిరుగుతుంది. అది మురికి కాదు. నలుపు కావాలంటే ఆ పొర అరగదీయాల్సిందే. అరగదీస్తే చెక్కిన అక్షరాలూ పలచనవుతాయి, మరీ లోతు లేనివైతే పోతాయి. నాన్నగారి పొడి అక్షరాలు యాభై ఏళ్ళ చేతి రాపిడికి ఇప్పటికే సగం అరిగాయి.

నేను వద్దన్నాను. వాడు, "అయితే మూతైనా మార్పిద్దాం. అది నాన్న కొన్న మూత కాదు కదా" అన్నాడు. నిజమే, కాదు. ఎవరు చూసినా చెప్పగలరు. వాడి మాటకి నా దగ్గర జవాబు లేదు.

జవాబు అమ్మ దగ్గర ఉంది. అప్పటిదాకా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటోంది. "ఆ మూత మీ నాన్న కొన్నదేరా" అంది.

1995 వేసవిలో నాన్నగారు సైకిలు మీంచి పడ్డారట. దెబ్బలేమీ తగల్లేదు గానీ జేబులో పెన్ను మూత అంచు పగిలింది. కొత్త మూత చేయించుకోవచ్చు, పెద్ద ఖర్చేం కాదు. కానీ ఆ జూన్‌లో నన్ను కాకినాడలో ఇంటర్మీడియట్‌లో చేర్చాలి. ఫీజు, హాస్టలు, ట్రంకు పెట్టె, రెండు జతల బట్టలు. పదో తరగతి అయిపోయింది, ఇంక చాల్లే అని బంధువులు కొందరు అన్నారు కూడా. నాన్నగారు మూతకి నల్లదారం చుట్టి, మూడు నెలలు అలాగే వాడారు. పగుల్లోంచి సిరా కారి రోజూ జేబు దగ్గర నీలి మరక. "ఆ మూడు నెల్లూ నిమ్మచెక్కా ఉప్పూ పెట్టి ఆ మరకలు రుద్దింది నేను" అంది అమ్మ. సెప్టెంబరులో నన్ను చూడ్డానికి కాకినాడ వచ్చినప్పుడు, అక్కడ లేత్ పనిచేసే ఆయన దగ్గర ఏ ముక్క ఉంటే ఆ ముక్కతో మూత చేయించుకున్నారు. బాడీ 1976 నాటి కడ్డీ, మూత 1995 నాటి కడ్డీ. గీతలు ఎలా కలుస్తాయి?

ఆ తరవాత నేను బి.ఏ. తెలుగు చదివాను. ఇప్పుడీ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ జూన్‌లో కట్టిన ఫీజు వల్లే.

తమ్ముడు ఏమీ అనలేదు. పెన్ను చేతిలోకి తీసుకుని మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి చూశాడు. "అయినా కొంచెం మెరుగు పెట్టిస్తే బాగుంటుంది" అన్నాడు చివరికి. వాడికింకా పూర్తిగా ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. నాలుగు నెలల తరవాత ఒకే కడ్డీతో చేసిన కొత్త పెన్ను తనకి చేయించుకున్నాడు. గీతలు చక్కగా కలిశాయి. ఫోటో పంపాడు. నాకూ నచ్చింది. నాన్నగారి పెన్ను ట్రంకు పెట్టెలోనే ఉంది, పొంతన లేని మూతతో.

ఇదంతా అయ్యాక నాకు ఒక సంగతి బోధపడింది. గీత కలిసిన పెన్ను, ఈ రెండు ముక్కలూ ఒక కడ్డీలోంచి ఒకే రోజున పుట్టాయని చెబుతుంది. గీత కలవని పెన్ను రెండు రకాలు. ఒకటి, చేసినవాళ్ళు పట్టించుకోక ఏ ముక్కకి ఆ ముక్క తగిలించేసినది. రెండోది, మధ్యలో ఏదో జరిగి, దాన్ని పారేయకుండా నిలబెట్టుకున్నది. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. ఏది ఏదో తెలియాలంటే ఆ ఇంట్లో పెద్దావిడని అడగాలి. వస్తువుల చరిత్ర రాసేవాళ్ళు కొన్నవాళ్ళ పేరు రాస్తారు, చేసినవాళ్ళ పేరు అప్పుడప్పుడు రాస్తారు. జేబు మరకలు ఉతికినవాళ్ళ దగ్గర ఉండే వివరం మాత్రం ఏ పుస్తకంలోకీ ఎక్కదు.

చేతి పెన్నుల రోజులు తగ్గడానికి కారణాలు అందరికీ తెలిసినవే. 1980ల చివరి నుంచి రెనాల్డ్స్ లాంటి బాల్ పెన్నులు బడి పిల్లల చేతుల్లోకి వచ్చేశాయి. తెల్ల బాడీ, నీలం మూత. అచ్చులో పోసిన ప్లాస్టిక్కుకి గీతలే లేవు, కలిపే పనీ లేదు. మూత పోతే పెన్ను పారేయడమే, ఇంకో మూత చేయించుకునేవాళ్ళు ఎవరు? చవకగా వచ్చాయి, పేదింటి పిల్లలకి మేలే చేశాయి. నేనూ వాటితోనే పరీక్షలు రాశాను, వాటిని తిట్టను. కాకపోతే ఆ ఎత్తుగడలో ఒక మాట మన భాషలోంచి జారిపోయింది. "పెన్ను బాగుచేయించాలి" అనే మాట మా పిల్లలకి వింతగా వినపడుతుంది.

రాజమండ్రిలో ఇప్పటికీ చేతి పెన్నులు చేస్తున్నారు. తమిళనాడులో తిరువళ్ళూరు నుంచి రంగా పెన్నులు రంగురంగుల అలల ఎబొనైట్‌తో వస్తున్నాయి, విదేశాల వాళ్ళూ కొనుక్కుంటున్నారు. మీరెప్పుడైనా ఎవరికైనా కానుకగా అలాంటిది కొనాలనుకుంటే కొన్ని సంగతులు చూడండి. మూత నిదానంగా బిగించి, అంచు దగ్గర గీతలు ఎంతవరకు కలిశాయో చూడండి. ఒకసారి కలవకపోతే విప్పి ఇంకో ప్రవేశంలోంచి బిగించండి, మూడు దారుల మర అయితే మూడోసారికైనా కలవొచ్చు. మూతని బలంగా బిగించకండి, అంచు అరిగి గీత పక్కకి జరుగుతుంది. ఎండలో, నీళ్ళలో నానబెట్టకండి. గీతలు కలిసినదానికి ధర ఎక్కువ చెబితే ఆ ఎక్కువ దేనికో ఇప్పుడు మీకు తెలుసు. పారేసిన సెంటీమీటరుకి, అరగదీసి ఆపిన చేతికి.

పాత పెన్ను ఇంట్లో ఉండి, మూతకీ బాడీకీ పొత్తు కుదరకపోతే, మెరుగు పెట్టించే ముందు మీ అమ్మగారినో అత్తగారినో ఒక్క మాట అడగండి. ఆ మూత ఏ సంవత్సరం వచ్చింది, ఆ సంవత్సరం ఇంట్లో దేనికి డబ్బు కావాల్సి వచ్చింది అని. వాళ్ళు ఉండగానే అడగండి.